కర్ణుడి చేత ‘వస్తాను’ అనిపించవచ్చా?

కథ ఒక మలుపు దగ్గర ఆగుతుంది. ఇప్పుడు పాత్ర ఏం చేయాలో చదివేవారే చెప్పాలి. వాళ్లు చెప్పినదాన్నిబట్టి కథ ముందుకు సాగుతుంది. ఇలాంటి రచనను ఇంటరాక్టివ్ ఫిక్షన్ అంటున్నారు. పుస్తకంగా, కంప్యూటర్ ఆటగా, సినిమాగా ఇది యాభై ఏళ్లకు పైగా నడుస్తోంది. మన సాహిత్య సభల్లో మాత్రం దీని ఊసు అరుదు. పిల్లల ఆటల కింద జమకట్టి పక్కన పెట్టేస్తున్నాం. అది అన్యాయమని నా అభిప్రాయం.

ఇక్కడ వాదించుకునేది ఇద్దరు. ఒకరు డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన మాస్టారు. అవధాన సభల్లో పృచ్ఛకులుగా కూర్చున్నవారు. ఇంకొకరు ఆయన శిష్యురాలు; హైదరాబాద్‌లో కంప్యూటర్ గేముల్లో పాత్రలకు మాటలు రాస్తుంది. నా మొగ్గు ఆ అమ్మాయి వైపే. అయినా మాస్టారి ప్రశ్నలు తేలికైనవి కావు.

మాస్టారు: నువ్వు చూడమన్నవి చూశానమ్మా. ఒకటి మనవడి పక్కన కూర్చుని చివరిదాకా ఆడాను కూడా. నా అభ్యంతరం ముందే చెప్పేస్తాను. ఉద్యోగపర్వంలో కృష్ణుడు కర్ణుణ్ణి తన రథమెక్కించుకుని తీసుకెళ్లి, నువ్వు కుంతి కొడుకువి, పాండవులందరికీ పెద్దవాడివి, మాతో వస్తే రాజ్యం నీదే అంటాడు. కర్ణుడు రానంటాడు. రాధ పెంపకం, సూతుల ఇంటి బంధాలు, దుర్యోధనుడు నమ్మి ఇచ్చిన అంగరాజ్యం, అన్నీ ఆ ఒక్క మాటలోకి వచ్చి నిలబడతాయి. ఆ చోట తెరమీద రెండు గళ్లు గీసి, ఒకదాంట్లో ‘వస్తాను’, ఇంకోదాంట్లో ‘రాను’ అని రాసి, ఏదో ఒకటి నొక్కమంటే ఇక కర్ణుడెక్కడ మిగిలాడు? నొక్కేవాడి చేతిలో బొమ్మ అయిపోడూ?

శిష్యురాలు: కానీ మాస్టారూ, ఆ ఘట్టం మనల్ని అంతగా పట్టి ఊపేది ఎందుకు? కర్ణుడికి అవుననే వీలుంది. అవునన్నా తప్పుపట్టేవాళ్లు లేరు. అలాంటి చోట కాదన్నాడు. ఆ రెండో దారి నిజంగా తెరిచి ఉందని మనకు అనిపించకపోతే ఆయన గొప్పతనమే లేదు. నేను చేసే పనల్లా ఆ తెరిచి ఉన్న దారిని పాఠకుడికి చూపించడం.

మాస్టారు: చూపించడం వేరు, నడిపించడం వేరు. తిక్కన చూపించాడు. నువ్వు నడిపిస్తానంటున్నావు.

శిష్యురాలు: ఈ పద్ధతి ఎలా పుట్టిందో వింటే మీకు అంత పరాయిగా అనిపించదు. అమెరికాలో ఎడ్వర్డ్ ప్యాకర్డ్ అని ఒక లాయరు. రాత్రిపూట కూతుళ్లకు కథలు చెప్పేవాడు. ఒకరోజు కథలో పిల్లవాడు తర్వాత ఏం చేయాలో ఆయనకు తోచలేదు. మీరైతే ఏం చేస్తారని పిల్లల్నే అడిగాడు. ఇద్దరూ రెండు రకాలుగా చెప్పారు. ఆయన రెండు దారులూ కథలో పెట్టి 1969లో పుస్తకం రాశాడు. ప్రచురించేవాళ్లు దొరక్క అది 1976లో గాని బయటికి రాలేదు. 1979 నుంచి ‘చూజ్ యువర్ ఓన్ అడ్వెంచర్’ పేరుతో బాంటమ్ సంస్థ అలాంటి పుస్తకాలు వరుసగా వేసింది. ఇరవై ఏళ్లలో 180కి పైగా వచ్చాయి, కోట్ల ప్రతులు అమ్ముడుపోయాయి. వాటిలో కథానాయకుడికి పేరుండదు. ‘నువ్వు’ అనే ఉంటుంది. గుహలోకి వెళ్తావా అయితే ఫలానా పేజీ, వెనక్కి తిరుగుతావా అయితే ఇంకో పేజీ.

మాస్టారు: పేరు లేని చోట పాత్రే లేదు కదమ్మా. ‘నువ్వు’ అన్నది ఖాళీ కుర్చీ. ఎవడైనా వచ్చి కూర్చోవచ్చు. అందులో సాహసం ఉంటే ఉండవచ్చు, మనిషి లేడు.

శిష్యురాలు: ఆ తొలి పుస్తకాల సంగతిలో మీ మాట ఒప్పుకుంటాను. అయినా ప్యాకర్డ్ 1982లో ‘ఇన్‌సైడ్ యూఎఫ్ఓ 54-40’ అని ఒకటి రాశాడు. అల్టిమా అనే సుందరమైన గ్రహాన్ని వెతకడమే కథ. ఏ దారి ఎంచుకున్నా ఆ గ్రహం ఉన్న పేజీకి చేరలేం. పుస్తకం అంతటా ఎక్కడా ‘ఆ పేజీకి వెళ్లు’ అని ఉండదు. నియమాలు పక్కన పెట్టి ఊరికే పేజీలు తిరగేసిన పిల్లలకు మాత్రమే అది దొరుకుతుంది. రచయిత ఇచ్చిన ఎంపికలు ఎవరు గీసిన గీతలో అడిగే ఆలోచన అందులో ఉంది. పిల్లల పుస్తకంలో.

మాస్టారు: ఆ గీతల సంగతే నేనూ అడుగుతున్నాను. 1967లో మాంట్రియల్ ప్రదర్శనలో చెకొస్లోవేకియా వాళ్లు చూపించిన సినిమా గురించి నువ్వే చెప్పావు. ‘కినోఆటోమాట్’. చేసినవాడు రాడూజ్ చిన్చెరా. హాల్లో 127 కుర్చీలు, ప్రతి కుర్చీకీ ఎరుపు బటన్ ఒకటి, ఆకుపచ్చ బటన్ ఒకటి. నొవాక్ అనే ఆసామి ఇంటి తలుపు ఎవరో కొడతారు. తీస్తే పక్కింటి అమ్మాయి, ఒంటిమీద తువ్వాలుతో. ఆమె తలుపు మూసుకుపోయి బయట ఉండిపోయింది. ఆయన భార్య వచ్చే వేళయింది. లోపలికి రానివ్వాలా వద్దా? సినిమా ఆగుతుంది. నటుడే స్వయంగా వేదిక మీదికి వచ్చి ప్రేక్షకుల్ని అడుగుతాడు. ఓట్లు పడతాయి, ఎక్కువమంది ఎటుంటే కథ అటు. ఇంతా చేసి చివరికి ఏమవుతుంది? ఇల్లు తగలబడుతుంది. మొదటి దృశ్యంలోనే ఆ మంటలు చూపించారు. రానిచ్చినా తగలబడుతుంది, పొమ్మన్నా తగలబడుతుంది. ఇది ప్రేక్షకుల్ని మభ్యపెట్టడం కాదా?

శిష్యురాలు: అందులో సగం యంత్రం ఇబ్బంది మాస్టారూ. రెండు ప్రొజెక్టర్ల మీద రెండు రకాల దృశ్యాలు ఒకేసారి తిరుగుతుండేవి. ఓటులో ఓడిన ప్రొజెక్టర్ కంటికి ఆపరేటర్ మూత పెట్టేవాడు. కాబట్టి రెండు దారులూ మళ్లీ ఒకచోట కలవకపోతే సినిమా సాగదు. ఈ ఇబ్బంది నాకు ఇప్పటికీ ఉంది. ఒక కథలో రెండేసి దారులున్న మలుపులు పది పెట్టి, ఏ దారినీ ఇంకో దారితో కలపకపోతే 1,024 ముగింపులు రాయాలి. ఎవరూ రాయలేరు. రాసినా ఒక పాఠకుడు చదివేది వాటిలో ఒక్కటి. అందుకే చీలిన దారుల్ని మేమంతా తిరిగి కలుపుతాం.

మాస్టారు: అంటే ఎంపిక ఉత్తిదేనని నీ నోటితో నువ్వే అంటున్నావు.

శిష్యురాలు: కాదు. చీలి కలిసిన తర్వాత ఏది గుర్తుంటుందన్నదే అసలు సంగతి. నొవాక్ ఆ అమ్మాయిని రానిచ్చాడా లేదా అన్నది తర్వాతి దృశ్యానికి పెద్దగా గుర్తుండదు. చిన్చెరా హాస్యం కోసం తీశాడు, అక్కడికి అది చాలు. దాన్ని ఓట్ల రాజకీయం మీద ఎత్తిపొడుపుగా చూసినవాళ్లు కూడా ఉన్నారు. ఇప్పటి గేముల్లో ప్రతి ఎంపికకూ ఒక గుర్తు రాసిపెడతాం. అబద్ధం చెప్పాడా, అన్నం పంచాడా, పిల్లముందు తుపాకీ పేల్చాడా, అన్నీ వేరియబుల్స్‌గా ఉండిపోతాయి. మూడు గంటల తర్వాత ఇంకో పాత్ర మాట్లాడేటప్పుడు ఆ గుర్తు చూసి మాట మారుస్తుంది. సంఘటన మారకపోవచ్చు. ఆ సంఘటనలోకి నడిచి వచ్చిన మనిషి మారతాడు.

మాస్టారు: సరే, ఓటు మాట తెచ్చాం కాబట్టి అది తేల్చుకుని ముందుకు పోదాం. 1988లో బ్యాట్‌మాన్ కామిక్‌కు జరిగింది నాకు నిద్ర పట్టనివ్వలేదు. బ్యాట్‌మాన్ పక్కన ఉండే కుర్రాడు, రాబిన్. ఆ పేరుతో అప్పుడున్నది జేసన్ టాడ్ అనే రెండో పిల్లవాడు. పాఠకుల్లో చాలామందికి నచ్చలేదు. ఒక సంచికలో జోకర్ వాణ్ణి ఇనప కడ్డీతో చితకబాది, బాంబు ఉన్న గోదాములో వదిలేస్తాడు. పేలుతుంది. సంచిక వెనక రెండు ఫోన్ నంబర్లు. ఒకదానికి చేస్తే వాడు బతకాలని, రెండోదానికి చేస్తే చావాలని. కాల్‌కు 50 సెంట్లు. సెప్టెంబరు 15, 16 తేదీల్లో లైన్లు తెరిచారు. చావాలని 5,343, బతకాలని 5,271. తేడా 72. అంతే, వాడు చచ్చిపోయాడు. రెండు రకాల కథలూ ముందే సిద్ధం చేసి పెట్టుకుని జనం తీర్పు కోసం కూర్చున్నారు. ఒకరే కంప్యూటర్‌తో పదేపదే డయల్ చేయించారన్న మాట తన చెవిన పడిందని సంపాదకుడు డెన్నిస్ ఓనీల్ తర్వాత చెప్పాడు. పదిహేనేళ్ల పిల్లవాడు అమ్మా, కథలో అయితేనేం?

శిష్యురాలు: దాని విషయంలో మీ పక్షమే మాస్టారూ. ఆ 10,614 ఫోన్లు చేసినవాళ్లలో ఎవరూ ఆ చావును తనది అనుకోనక్కర్లేదు. గుంపు చంపింది, ఎవరూ చంపలేదు. అది కథలో పాలుపంచుకోవడం కాదు. నేను రాసేదాంట్లో నొక్కేది ఒక్కరే. ఆ ఒక్కరే తర్వాతి పేజీ చదవాలి.

మాస్టారు: జేసన్‌ను 2005లో మళ్లీ బతికించారట కూడా.

శిష్యురాలు: బతికించారు. చచ్చి తిరిగొచ్చినవాడు బ్యాట్‌మాన్ మీద కోపంతో వస్తాడు. జోకర్‌ను ఇంకా ఎందుకు బతకనిచ్చావని నిలదీస్తాడు. జనం వేసిన ఓటు రచయితల చేతిలో ఒక మంచి ప్రశ్నగా మారడానికి పదిహేడేళ్లు పట్టింది. సరే, ఓటు పక్కన పెట్టేద్దాం. మిమ్మల్ని ఒకటి అడగనా? నిషిద్ధాక్షరికి పృచ్ఛకులుగా కూర్చున్నప్పుడు మీరు చేసే పనేమిటి?

మాస్టారు: అవధాని ఒక అక్షరం అంటాడు. ఆ తర్వాత ఏ అక్షరం వచ్చే వీలుందో నేను పసిగట్టి, అది వద్దంటాను. ‘శ్రీ’ అన్నాడనుకో, ‘రామ’ అనబోతున్నాడని ‘ర’ కాదంటాను. ఆయన ఒక్క క్షణం ఆగి ఇంకో అక్షరం వేస్తాడు. అప్పుడు నేను మళ్లీ ఆలోచించాలి, ఈ రెండక్షరాలతో మొదలయ్యే మాటలేమున్నాయి, ఆయన ఎటు వెళ్లబోతున్నాడు అని. మంచి అవధాని అయితే నేను మూసిన దారి పక్కనే నాకు తట్టని సందు ఒకటి కనిపెడతాడు. నాకు అంతకంటే సంతోషం లేదు. ఆ పాదం ముగిసేలోపు మధ్యలో ఇంకొకాయన అప్రస్తుత ప్రసంగంతో తగులుకుంటాడు, ఇంకోచోట గంట మోగుతుంటుంది. అన్నీ దాటి చివర్లో నాలుగు పాదాలూ ధారణ చేసి వినిపించినప్పుడు చూడాలి ఆ సభను.

శిష్యురాలు: మీరు ‘ర’ వద్దనకపోతే ఆ పద్యం పుట్టేది కాదు కదా. వేరే పద్యం పుట్టేది. ఎదుటివాళ్ల ఎంపిక రచనను మలచడమంటే నాకు తెలిసిన చక్కటి ఉదాహరణ అదే. ఎక్కడో అమెరికాలోనో కెనడాలోనో కాదు, మన ఊళ్లలో వందేళ్లకు పైగా సభలు కట్టి చేస్తున్నాం. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి చేసింది అదే కదా.

మాస్టారు: అయ్యో, అదీ ఇదీ ఒకటెలా అవుతుందమ్మా? వర్ణించాల్సిన విషయం ముందే ఇస్తాం. ఛందస్సు ముందే ఖాయం. నేను దారులు మూస్తానే గాని, చేరాల్సిన చోటు మార్చను. పద్యం భావం అవధానిదే.

శిష్యురాలు: నేనూ అదే అడుగుతున్నాను. చేరాల్సిన చోటు రచయితదే ఉండనివ్వండి. మధ్యదారిలో పాఠకుడు ‘ర’ వద్దనడానికి ఒప్పుకోండి. మీరు మనవడితో ఆడింది ‘వాకింగ్ డెడ్’ కదా? టెల్‌టేల్ వాళ్లది, 2012లో అయిదు భాగాలుగా వచ్చింది.

మాస్టారు: అదే. చచ్చినవాళ్లు లేచి తిరిగే లోకం. లీ అనేవాడు భార్య ప్రియుణ్ణి చంపినందుకు జైలుకు వెళుతూ ఉంటాడు. దారిలో లోకం తలకిందులవుతుంది. ఎనిమిదేళ్ల క్లెమెంటైన్ దొరుకుతుంది. ఆ పిల్లను కాపాడటమే కథ. చివరికి లీ చచ్చిపోతాడు. మా వాడు ఏం చేసినా చచ్చిపోయాడు. చెయ్యి నరికించుకున్నా దక్కలేదు.

శిష్యురాలు: రెండో భాగం చివర్లో అడవిలో ఒక కారు కనిపిస్తుంది. తలుపు తెరిచి ఉంటుంది, లోపల తిండి సామాను. అందరూ ఆకలితో ఉన్నారు. కారువాళ్లు చచ్చిపోయారో, పక్కకు వెళ్లారో తెలియదు. మీరేం చేశారు?

మాస్టారు: మా వాడు తీసుకుందామన్నాడు. నేను వద్దన్నాను. వాడి చేతిలో ఉంది కదా బటన్, తీసుకున్నాడు.

శిష్యురాలు: అయిదో భాగంలో?

మాస్టారు: హోటలు గదిలో ఒకడు క్లెమెంటైన్‌ను ఎత్తుకొచ్చి ఉంచుతాడు. లీని ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి ఒక్కొక్కటే అడుగుతాడు. ఆ కారు నాదే అంటాడు. ఆ సామాను పోయాక నా భార్య, కూతురు ఏమయ్యారో తెలుసా అంటాడు. నువ్వు ఇలా చేశావు, అలా చేశావు అని మేం ఎప్పుడో మరచిపోయినవన్నీ చదువుతాడు. మా వాడు నావైపు చూశాడు. వాడి మొహంలో నెత్తురు లేదు. ‘తాతయ్యా, నువ్వు చెప్పావు కదా’ అన్నాడు.

శిష్యురాలు: సామాను ముట్టనివాళ్లకు ఆ గదిలో వినిపించే మాటలు వేరుగా ఉంటాయి. కానీ మిగతావాళ్లు తీసుకుంటుంటే లీ అక్కడే ఉన్నాడన్న నిజం పోదు. కథ అందరికీ అదే గదికి వస్తుంది. ఏ ముఖంతో ఆ కుర్చీలో కూర్చుంటావన్నది నీ ఇష్టం. నవలలో ఇదే దృశ్యం చదివితే మీ మనవడికి లీ మీద జాలి కలిగేది. ఇక్కడ తానే జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. ఈ పని నవల చేయలేదు మాస్టారూ. గొప్ప నవల కూడా చేయలేదు. పాఠకుడి చేతికి నేరం అంటించి, దాని గురించి తర్వాత అతన్నే అడగడం ఈ ప్రక్రియకే సాధ్యం.

మాస్టారు: ఒప్పుకుంటాను, ఆ దృశ్యం రాసినవాళ్లు రచయితలే. అయినా ఆ ఆటలో నాకు నచ్చనిది ఒకటుంది. జవాబు ఎంచుకోవడానికి కొన్ని సెకన్లే ఇస్తారు. గీత కరిగిపోతుంటుంది. ఆలోచించనివ్వకుండా అడిగితే వచ్చేది ఉలికిపాటు. దాన్ని ఆ మనిషి స్వభావం అనడానికి నాకు మనసొప్పదు. కర్ణుడు తొందరలో రాననలేదు.

శిష్యురాలు: ఏమీ నొక్కకపోతే మౌనం కూడా జవాబే అవుతుంది అందులో. చాలా చోట్ల మౌనాన్ని విడిగా ఒక ఎంపికగా ఇచ్చారు. ఎదుటి పాత్ర ఆ మౌనాన్ని కూడా గుర్తుపెట్టుకుంటుంది. భేతాళుడి ముందు విక్రమార్కుడికి ఉన్న చిక్కే అది. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే శవం చెట్టెక్కుతుంది. చివరి కథకు ఆయన మౌనంగా ఉండిపోవడంతో గాని ఆ చుట్టు ఆగలేదు. వినేవాడి జవాబును బట్టి కథ నడవడం మనకు చందమామ రోజులనుంచీ అలవాటే.

మాస్టారు: విక్రమార్కుడి జవాబు కూడా రచయిత రాసిందే. నేనో నువ్వో చెప్పింది కాదు.

శిష్యురాలు: నిజమే. ఇక తొందరపెట్టడం గురించి: అన్నీ అలా ఉండవు. 1998లో ఆడమ్ కాడ్రే ‘ఫొటోపియా’ అని రాశాడు. బొమ్మలుండవు, అంతా అక్షరాలే. మీరు మాట టైపు చేసేదాకా అది గంటలతరబడి ఎదురుచూస్తుంది. ఆలీ అనే తెలివైన పిల్ల. ఆమె కథ ముక్కలు ముక్కలుగా, ముందువెనకలుగా వస్తుంది, ఒక్కో ముక్కలో మీరు ఒక్కొక్కరు. ఒకచోట ఆమె తండ్రి, ఒకచోట ఆమె కథ చెబితే వినే చిన్నపిల్ల, ఒకచోట తాగి కారు నడిపేవాడి పక్క సీట్లో స్నేహితుడు. ఆ కారు వల్లే ఆలీ చనిపోతుంది. ఏం టైపు చేసినా ఆగదు. ఆ ఏడు ఇంటరాక్టివ్ ఫిక్షన్ పోటీలో అదే మొదటి బహుమతి కొట్టింది. ఎంపికలతో కథ మారదని విసుక్కున్నవాళ్లూ ఉన్నారు. నేను మాత్రం దాన్ని ఈ ప్రక్రియలో ఒక శిఖరంగా చెబుతాను. చేతిలో ఆజ్ఞ ఉండి కూడా ఆపలేకపోవడం, చదువుతూ చూస్తూ ఉండిపోవడం కంటే వేరే రకం బాధ.

మాస్టారు: అయితే నీ శిఖరాలన్నీ ముగింపు మారనివే! నిషిద్ధాక్షరి, ఫొటోపియా, వాకింగ్ డెడ్, మూడింటిలోనూ గమ్యం కవిదే. నా మాటనే నువ్వు చుట్టు తిరిగి చెబుతున్నావు.

శిష్యురాలు: ముగింపు మారకూడదని అనడంలేదు. మారితే దానికి కారణం పాఠకుడు ముందు చేసిన పనుల్లో ఉండాలి అంటున్నాను. 2012లోనే ‘మాస్ ఎఫెక్ట్’ మూడో ఆట వచ్చింది. అయిదేళ్లపాటు, మూడు ఆటల నిండా జనం ఎంచుకుంటూ వచ్చారు. ఎవర్ని కాపాడారు, ఎవర్ని వదిలేశారు, అన్నీ ఒక ఆటనుంచి ఇంకో ఆటకు వెంట వచ్చాయి. చివర్లో మూడు దారులు చూపించి ఒకటి తీసుకోమన్నారు. అప్పటిదాకా చేసినవాటి జాడ ఆ మూడింటిలో తమకు కనిపించలేదని ఆడినవాళ్లు గొడవ చేశారు. కంపెనీ ఆ జూన్‌లో ముగింపును పొడిగించి ఉచితంగా ఇచ్చింది. ఆడినవాళ్ల గొడవ మొండిపట్టు అని కొందరన్నారు. నేననను. అన్నేళ్లు పాత్రను తమ చేతులమీద పెంచినవాళ్లు ఆ ముగింపులో తమ పెంపకం వెతుక్కున్నారు.

మాస్టారు: జనం గొడవ చేస్తే ముగింపు సవరించడం జేసన్ టాడ్ ఫోన్ నంబరుకు ఎంత దూరం?

శిష్యురాలు: దగ్గరే. అందుకే ఆ పొడిగింపును మెచ్చుకోవడంలేదు. గొడవ న్యాయమైనదే, మందు మాత్రం ముందే వేయాల్సింది. రాసేటప్పుడే.

మాస్టారు: ఇక నెట్‌ఫ్లిక్స్ సినిమా. ‘బ్యాండర్‌స్నాచ్’. 2018 డిసెంబరు 28న వచ్చింది అన్నావు. దాన్ని నేను క్షమించలేను. స్టెఫన్ అనే కుర్రాడు, 1984, గేము రాస్తుంటాడు. పొద్దున్నే టిఫినుకు రెండు రకాల డబ్బాల్లో ఏది తినాలో మనల్ని అడుగుతుంది. పది సెకన్లు. తర్వాత కంపెనీవాడు వచ్చి మా ఆఫీసులోనే పనిచెయ్యి అంటాడు, ఒప్పుకోమంటావా అని అడుగుతుంది. ఒప్పుకున్నాను. అలా ఒప్పుకుంటే ఆట చెడిపోయిందని చూపించి, తప్పు దారి పట్టావని, మళ్లీ వెనక్కి తీసుకొచ్చి అదే ప్రశ్న అడిగింది. ఇదేం అడగడం? తర్వాత ఆ కుర్రాడికి తనను ఎవరో ఆడిస్తున్నారని అనుమానం వస్తుంది. చివరికి తండ్రిని చంపమని నా చేతే నొక్కించాలని చూస్తుంది. ఆ కుర్రాడికి తల్లి పోయిన దుఃఖం ఉంది. దాన్ని ఎంత బాగా రాయవచ్చు! దాన్ని వదిలేసి నన్ను ఆడిస్తూ కూర్చుంది.

శిష్యురాలు: నాకు అందులో నచ్చేది ఉంది. పాత్ర తన చేయి తన మాట వినడంలేదని గమనించే క్షణం. ఒకచోట అతని చేయి వణుకుతూ ఆగుతుంది. మనం నొక్కింది అతను కాదంటాడు. మీరు అడిగిన ప్రశ్నే, బొమ్మ అయిపోడూ అన్నది, ఆ సినిమాలో పాత్రే అడుగుతోంది.

మాస్టారు: అడిగితే చాలదమ్మా. అడిగి, జవాబివ్వకుండా వాణ్ణి మళ్లీ మొదటికి తోసేస్తుంది. ఏ దారిలో ఏం జరిగినా వెనక్కి వెళ్లి సరిచేసుకోవచ్చు కాబట్టి ఏ చావుకూ బరువు లేదు. వాకింగ్ డెడ్‌లో మా వాడి మొహం పాలిపోయింది. ఇందులో వాడు నవ్వుతూ కూర్చున్నాడు, ఇంకోసారి చంపి చూద్దాం తాతయ్యా అంటూ. వాడిది తప్పు కాదు. అలా రాశారు.

శిష్యురాలు: ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆ సినిమాను 2025 మేలో నెట్‌ఫ్లిక్స్ తీసేసింది కూడా. ఫొటోపియా ఇప్పటికీ ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు.

మాస్టారు: అయితే నా తీర్పు విను. లీ కథను సాహిత్యమని ఒప్పుకుంటాను. ఫొటోపియాను నువ్వు చెప్పినదాన్నిబట్టి నమ్ముతాను. బ్యాట్‌మాన్ ఓటును, బ్యాండర్‌స్నాచ్‌ను ఒప్పుకోను. కర్ణుణ్ణి మాత్రం నీ చేతికి ఇవ్వను.

శిష్యురాలు: నేను రాయబోయేది కర్ణుడి కథే మాస్టారూ.

మాస్టారు: ‘వస్తాను’ గడి పెడతావా?

శిష్యురాలు: పెడతాను. నొక్కినవాళ్లను ఆపను. వాళ్లు పాండవుల శిబిరానికి వెళతారు. ధర్మరాజు లేచి ఆసనమిస్తాడు. భీముడు మొన్నటిదాకా సూతపుత్రుడని వెక్కిరించినవాడు, ఇప్పుడు అన్నా అనాలి. ద్రౌపది ఎదుటికి వస్తుంది. నిండు సభలో ఆమెను అన్న మాటలు నా కర్ణుడికి గుర్తుంటాయి, వాటిని ఆట మరచిపోదు. మర్నాడు యుద్ధంలో ఎదురుగా దుర్యోధనుడు, ఒంటరిగా. విల్లు ఎత్తమని అడుగుతాను. ఆ పాఠకుడు ఒక్కసారి వెనక్కి వెళ్లి ‘రాను’ నొక్కాలనుకుంటాడు. వెనక్కి వెళ్లనివ్వను. అప్పుడు తిక్కన కర్ణుడు ఎందుకు రాలేదో అతనికి చదివి తెలిసినదానికంటే ఎక్కువ తెలుస్తుంది.

మాస్టారు: ఆ గడి నొక్కినవాడు కర్ణుడు కాడమ్మా. నువ్వెంత బాగా రాసినా కాడు.

శిష్యురాలు: కాడని అతనికి తెలిసేదాకా రాస్తాను.

మాస్టారు: తెలుగులో రాస్తావా, ఉద్యోగంలోలాగా ఇంగ్లీషులోనా?

శిష్యురాలు: తెలుగులోనే. ధర్మరాజును ‘మీరు’ అనాలా ‘నువ్వు’ అనాలా అని కర్ణుడు మొదటిరోజు తేల్చుకోవాలి. కుంతిని మొదటిసారి అమ్మా అనాలా వద్దా అన్నది కూడా పాఠకుడే తేల్చాలి. ఇంగ్లీషులో రాస్తే ఆ మలుపులు నాకు దొరకవు.

మాస్టారు: రాయి. మొదటి పృచ్ఛకుణ్ణి నేనే. ఒప్పుకోవడానికి మాత్రం రాను.

ఆ ఇద్దరి వాదం తేలలేదు. నేనైతే ఆ అమ్మాయి కథ కోసం ఎదురుచూస్తాను. తెలుగులో కథలు రాస్తున్నవాళ్లకు ఒక మనవి కూడా చేస్తాను. క్రిస్ క్లైమస్ అనే ఆయన 2009లో ట్వైన్ అనే సాధనం చేసి అందరికీ ఉచితంగా ఇచ్చాడు. ప్రోగ్రామింగ్ రాకపోయినా అందులో చీలే కథ రాయవచ్చు. పూర్తయ్యాక మామూలు వెబ్ పేజీగా వస్తుంది, తెలుగు లిపి చక్కగా కనిపిస్తుంది, ఫోన్‌లో కూడా చదవవచ్చు. ఒక చిన్న కథ, రెండే మలుపులతో, రాసి చూడండి. మొదటి మలుపులో పాఠకుడు చేసినదాన్ని రెండో మలుపులో ఎవరో ఒకరి చేత అడిగించండి. తర్వాత దాన్ని మీ ఇంట్లోవాళ్లకిచ్చి, వాళ్లు ఏ మలుపు దగ్గర ఎక్కువసేపు ఆగారో పక్కన కూర్చుని గమనించండి.